కృష్ణా సాగర సంగమం నుంచి సూర్యలంక దాకా: ఈ సీజనులో తీరంలో మీ కంటపడినవి

ఉప్పుగాలి (అవనిగడ్డ) · జనవరి 8

సంక్రాంతి దగ్గరపడింది. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే రోజులు మొదలయ్యాయి. ఉత్తర దేశాల నుంచి వలస వచ్చిన పిట్టలు మరో రెండు నెలలు ఇక్కడే ఉంటాయి. పాలకాయతిప్ప, సొర్లగొంది, ఎదురుమొండి, నాచుగుంట, అటు నిజాంపట్నం, సూర్యలంక, ఓడరేవు... ఎక్కడ తిరిగినా సరే, మీ కంటపడిన పక్షి, జంతువు, పాము, చేప ఏదైనా ఇక్కడ రాయండి. తేదీ, వేళ, దగ్గరి ఊరు, నీరు పోటు మీద ఉందా తీసిందా అన్నది రాస్తే చాలు. ఫోటో లేకపోయినా ఫరవాలేదు.

ఒక్కటి మాత్రం కోరుతున్నాను. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాటినీ రాయండి. అందమైన పక్షుల ఫోటోలకు చోటు ఎక్కడైనా దొరుకుతుంది. చచ్చిన తాబేలు గురించి తేదీతో సహా రాసిపెట్టేవారే కరవు. ఆ రాత లేకపోతే రేపు ఎవరిని ఏం అడగగలం?

ఈ రోజు తెల్లవారుజామున పాలకాయతిప్పలో నేను చూసినవి: నీరు బాగా తీసి ఉంది. అల వెనక్కి పోగానే దాని వెంట పరుగెత్తి, తడి ఇసుకలో ముక్కు గుచ్చి, మరో అల విరిగేలోగా వెనక్కి ఉరికే తెల్లటి చిన్న పిట్టలు ఒక గుంపు. వీటిని శాండర్లింగ్ అంటారు. ఈ కోవకు చెందిన పిట్టల్లో చాలావాటికి కాలి వెనక చిన్న వేలు ఉంటుంది, వీటికి ఉండదు. అవి పరుగెత్తిన చోట వంగి చూస్తే మూడేసి వేళ్ల అచ్చులే కనిపిస్తాయి. ఇవి గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ ప్రాంతంలో. అంత దూరం నుంచి వచ్చి మన ఇసుకలో పురుగులు ఏరుకుంటున్నాయి.

అక్కడికి కాస్త దూరంలో అలల గీత మీద చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు. చిప్ప రెండడుగులకు పైమాటే. ఒంటి మీద గాయం లేదు, తెడ్డుకాళ్లు నాలుగూ ఉన్నాయి, మెడ ఉబ్బి ఉంది. కళ్లు మాత్రం కాకులు పొడిచేశాయి.

లకుముకి (మచిలీపట్నం) · జనవరి 9

ఉప్పుగాలి గారూ, చర్చ తెరిచినందుకు సంతోషం. మంగినపూడి వైపు ఉప్పుకొటార్ల దగ్గర ఫ్లెమింగోలు దిగాయి. దూరం నుంచి తెల్లగా ఉన్నాయి, రెక్క విప్పినప్పుడే ఆ గులాబీ రంగు బయటపడింది. వాటి పక్కనే పొడవాటి వంపు ముక్కుతో కర్ల్యూలు, ఇంకా గూడబాతులు, నీటికాకులు. కృష్ణగద్ద ఒకటి చేపను కాళ్లతో పట్టుకుని ఎగురుతూనే చీల్చుకు తింది.

జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి ఏటా జరుగుతున్నదే. మన తీరంలో లెక్కించేవారు తక్కువ కాబట్టి ఎవరికి వీలైతే వారు తమ ఊరి చెరువునో ఉప్పునేలనో ఒక పూట లెక్కించి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో పెట్టండి. ఇంకొక మాట. కాలికి రంగు పట్టీ ఉన్న పిట్ట కనబడితే ఆ రంగులు ఏ వరుసలో ఉన్నాయో, ఏ కాలికి ఉందో, దాని మీద అక్షరాలేమిటో రాసుకోండి. ఆ పిట్టకు పట్టీ ఏ దేశంలో వేశారో వాటిని బట్టే తేలుతుంది.

సరంగు (నాగాయలంక) · జనవరి 9

నేను వేటకు వెళ్లే మనిషిని. చచ్చిన తాబేలు ఒడ్డున కనబడగానే పట్నం నుంచి వచ్చినవారు మా వలల వైపే వేలు చూపిస్తారు. ఆ మాటలో నిజం లేదని నేను అనను. కానీ వల అంటే ఒకటే రకం కాదు, అది తెలుసుకుని మాట్లాడాలి.

మాది ఫైబర్ బోటు, నైలాన్ వల. వల వేసి, దాని దగ్గరే ఉండి, తీస్తాం. తాబేలు పడితే వల కొరికి చింపుతుంది, నష్టం మాదే, అందుకని వీలైనంత త్వరగా వదిలించేస్తాం. మరబోటు లాగే ట్రాలు వల వేరు. అది సముద్రం అడుగున రెండు మూడు గంటల పాటు లాగుతూనే ఉంటుంది. అందులో చిక్కిన తాబేలు పైకి వచ్చి గాలి పీల్చుకునే దారి లేదు.

ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని చట్టం ఉంది. రాత్రిపూట వాటి దీపాలు ఒడ్డున నిలబడి చూస్తే కనబడుతున్నాయి. తాబేళ్లు జతకట్టేదీ, గుడ్లు పెట్టే ముందు తిరిగేదీ ఆ దగ్గరి నీళ్లలోనే. మా వలలనూ అవే బోట్లు తెంచుకుపోతాయి. మాకూ తాబేలుకూ పగ ఒకరితోనే.

మడతోట (రేపల్లె) · జనవరి 10

సరంగు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను వృక్షశాస్త్రం చెప్పేవాడినే అయినా ఈ విషయం చాలాకాలంగా గమనిస్తున్నాను.

తాబేలు చేప కాదు, ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. విశ్రాంతిగా ఉన్నప్పుడు చాలాసేపు నీళ్లలో ఉండగలదు. వలలో పెనుగులాడేటప్పుడు ఉన్న గాలి నిమిషాల్లో ఖర్చయిపోతుంది. అలా మునిగి చచ్చిన తాబేలు ఒంటి మీద గాయం ఉండదు, బలంగా, కండపట్టి ఉంటుంది. బోటు పంకా తగిలితే చిప్ప మీద వరుస గాట్లు పడతాయి. జబ్బుతో చచ్చినది చిక్కిపోయి, చిప్ప నిండా గుల్లలు (బార్నకిల్స్) పట్టి ఉంటుంది. ఉప్పుగాలి గారు చూసినది మొదటి రకంలాగే ఉంది. ఖాయంగా చెప్పాలంటే పశువైద్యుడు కోసి చూడాలి.

దీనికి మందు కూడా ఉంది. ట్రాలు వల గొంతులో ఒక ఇనుప జాలీ బిగిస్తారు, దాన్ని టెడ్ అంటారు. రొయ్యలు, చేపలు జాలీ సందుల్లోంచి లోపలికి పోతాయి. తాబేలు జాలీకి తగిలి, పైనో కిందో ఉన్న తలుపులాంటి కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపడేలా ఒకటి రూపొందించింది కూడా. పట్టిన సరుకులో కొంత ఆ కంతలోంచి పోతుందని మరబోటు యజమానుల అభ్యంతరం. ఇది లేకుండా సముద్రంలో పట్టిన రొయ్యలను అమెరికా మన దగ్గర కొనడం మానేసింది. అంటే నష్టం తాబేలుకే కాదు, బోటు యజమానికీ తగులుతూనే ఉంది.

కెమెరా కన్ను (విజయవాడ) · జనవరి 14

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. నాకు తాబేలు గుడ్లు పెట్టే దృశ్యం ఫోటో తీయాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఈ నెలాఖరులో వస్తాను. ఏ ఊరి దగ్గర, సరిగ్గా ఏ చోట ఎక్కువగా ఎక్కుతున్నాయో ఎవరైనా మ్యాపులో గుర్తు పెట్టి ఇక్కడ వేస్తే ఎంతో సాయం చేసినవారవుతారు.

ఉప్పుగాలి (అవనిగడ్డ) · జనవరి 14

కెమెరా కన్ను గారూ, మీ ఆసక్తి అర్థమైంది. కానీ గూడు ఉన్న చోటు ఇక్కడ ఎవరూ వేయకండి. ఈ చర్చ ఎవరైనా చదవగలరు. గుడ్ల కోసం తిరిగేవారూ చదువుతారు. ఊరి పేరు వరకు రాయడం చాలు, అంతకు మించి వద్దు.

కెమెరా కన్ను (విజయవాడ) · జనవరి 14

నేను గుడ్లు దొంగిలించేవాడిని కాను కదా. నలుగురూ ఫోటోలు చూస్తేనే తాబేళ్ల మీద జనానికి ప్రేమ పుడుతుంది. దాచిపెడితే ఎవరికి లాభం?

తీరం కావలి (ఎదురుమొండి) · జనవరి 15

నేను ఈ సీజనులో రాత్రిళ్లు తాబేలు గుడ్ల కాపలా పని చేస్తాను. కెమెరా కన్ను గారికి కోపం తెప్పించాలని కాదు, రాత్రి అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను.

తాబేలు నీళ్లలోంచి తల ఎత్తి చాలాసేపు ఒడ్డును చూస్తుంది. ఆ సమయంలో టార్చి వెలిగినా, మనిషి కదిలినా తిరిగి వెళ్లిపోతుంది. పైకి ఎక్కిందంటే ఇసుక మీద ట్రాక్టరు టైరు పోయినట్టు జాడ పడుతుంది. పోటు నీరు అందని చోటు చూసుకుని ముందు కాళ్లతో పైఇసుక ఊడ్చేసి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వుతుంది. ఒక కాలు మడిచి ఇసుక తోడి పక్కన పోస్తుంది, అంతలో రెండో కాలు పక్కనున్న ఇసుకను విసిరేస్తుంది, మళ్లీ కాళ్లు మారతాయి. వెనక్కి తిరిగి చూడదు, చూడలేదు కూడా. అయినా గొయ్యి లోపల గుండ్రంగా, కుండ కుదిరినట్టు వస్తుంది. సుమారు నూరు గుడ్లు, ఒక్కోసారి నూట ఇరవై దాకా పెడుతుంది. ఆ తర్వాత ఇసుక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ పొట్ట చిప్పతో దడదడా కొట్టి గట్టి చేస్తుంది. ఆ చప్పుడు దూరానికి వినబడుతుంది. మొత్తం గంటలోపే అయిపోతుంది.

గొయ్యి తవ్వేటప్పుడు ఫ్లాష్ వెలిగితే గుడ్లు పెట్టకుండానే లేచి వెళ్లిపోతుంది. అలా వెళ్లినవాటిని నేను చూశాను. అందుకే ఎవరూ రావద్దంటాం.

ఇక్కడ నక్కలు, ఊరకుక్కలు, అడవిపందులు వాసన పట్టి తవ్వేస్తాయి. అందువల్ల గుడ్లు తీసి అటవీశాఖ కంచె వేసిన హేచరీలో మళ్లీ పాతిపెడతాం. పెట్టిన కొద్ది గంటల్లోనే తీయాలి. ఆలస్యమైతే లోపల పిండం పెంకుకు అంటుకుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిల్ల చచ్చిపోతుంది. ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉంచి, కుదుపు లేకుండా బుట్టలో పట్టుకెళ్తాం. కాబట్టి ఎవరికైనా గుడ్లు కనబడితే తాకవద్దు, దగ్గరి అటవీ సిబ్బందికి చెప్పండి. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. గుడ్లు తీసి ఇంటికి తీసుకుపోయినా నేరమే.

కెమెరా కన్ను (విజయవాడ) · జనవరి 15

కావలి గారూ, ఇంత వివరంగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. గుడ్లు పెట్టే ఫోటో ఆలోచన మానుకుంటున్నాను. పిల్లలను సముద్రంలోకి వదిలే రోజు పగటి వెలుగులో తీయవచ్చా?

తీరం కావలి (ఎదురుమొండి) · జనవరి 15

తీయవచ్చు. తెల్లవారుజామున వదులుతాం. ఫ్లాష్ లేకుండా, మేము చెప్పిన గీత వెనక నిలబడితే మాకేమీ అభ్యంతరం లేదు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక ఎంత వేడిగా ఉంటే అంత తొందరగా వస్తాయి.

లకుముకి (మచిలీపట్నం) · జనవరి 16

దానికి మరో మాట కలుపుతాను. పిల్ల ఆడదా మగదా అన్నది కూడా ఇసుక వేడే తేలుస్తుంది. 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి. అంతకు మించి బాగా వేడెక్కితే దాదాపు అన్నీ ఆడవే. మన దగ్గర ఫిబ్రవరి గూళ్లకూ మార్చి చివర పెట్టిన గూళ్లకూ తేడా ఉంటుంది కాబట్టి హేచరీ మీద తాటాకు నీడ వేయడం ఎంతో అవసరం.

చీరాల గాలి (చీరాల) · జనవరి 20

ఓడరేవు, సూర్యలంక వైపు సంగతులు. అలివి వల లాగుతుంటే చూశాను. అందులో రెండు సముద్రపు పాములు వచ్చాయి. పడవవాళ్లు కర్రతో తీసి నీళ్లలోకి విసిరేశారు. నేలపాముకు తోక సన్నగా గుండ్రంగా ఉంటుంది, దీనికి ఈతకు వీలుగా పక్కలకు నొక్కినట్టు చదునుగా ఉంది. దీనికి విషం చాలా ఎక్కువ, కాటు నొప్పి మాత్రం తక్కువ. ఏమీ కాలేదనుకుని ఊరుకుంటారు, తర్వాత కండరాలు పట్టేస్తాయి. వలలో పామును చేత్తో తీయకూడదని యాత్రికులకు ఎవరైనా చెప్పాలి. పిల్లలు దగ్గరికి పరుగెత్తుతున్నారు.

ఇంకొక బాధ. ఆదివారం వస్తే ఇసుక మీద కార్లు, జీపులు. ఆ బరువుకు ఇసుక గట్టిపడి కింద ఉన్న గూడు నలిగిపోతుంది. చక్రాల గాడిలో పడిన తాబేలు పిల్ల పైకి ఎక్కలేదు. గాడి వెంటే పోయి పోయి ఎండకు మాడి చస్తుంది. పర్యాటకానికి నేను వ్యతిరేకిని కాను, మా ఊళ్లో ఎన్నో కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. బండిని రోడ్డు మీద ఆపి నాలుగడుగులు నడిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

విశాఖ అల (విశాఖపట్నం) · జనవరి 21

మీ తీరం కాదు కానీ సంబంధం ఉంది కనుక రాస్తున్నాను. 2021 డిసెంబరులో మా దగ్గర తంతడి తీరానికి భారీ తిమింగలసొర ఒకటి వచ్చి ఒడ్డున చిక్కుకుంది. మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి దాన్ని బతికుండగానే లోపలికి మళ్లించారు. చూడటానికి భయంకరంగా ఉన్నా నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తినే సాధుజంతువు అది. 2001 నుంచి దానికీ మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. మీ వైపు ఎవరికైనా వలలో పడితే వల కోసి వదిలేయండి.

సరంగు (నాగాయలంక) · జనవరి 21

మా పెద్దలు చూశామని చెప్పేవారు. నేను మాత్రం చూడలేదు. డాల్ఫిన్లు మాత్రం నది నోటి దగ్గర తరచూ కనబడతాయి. వీపు మీద మూపురంలా ఎత్తు ఉండే రకం. అవి చేపలను తరుముతుంటే మాకూ వల ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

ఉప్పుగాలి (అవనిగడ్డ) · జనవరి 28

ఈ వారం నాగాయలంక రోడ్డు పక్కన, రొయ్యల చెరువుల దగ్గర, వాహనం గుద్ది చచ్చిన పిల్లి ఒకటి కనబడింది. ఇంటిపిల్లికి రెట్టింపు కంటే పెద్దది. బూడిద రంగు మీద నల్ల చుక్కలు వరుసలుగా ఉన్నాయి, తోక పొట్టిగా ఉంది. బావురుపిల్లి (చేపలు పట్టే పిల్లి, ఫిషింగ్ క్యాట్) అనుకుంటున్నాను. ఎవరైనా ధ్రువీకరించగలరా?

మడతోట (రేపల్లె) · జనవరి 28

మీరు చెప్పిన గుర్తులన్నీ బావురుపిల్లివే. అడవిపిల్లికి ఒంటి మీద చుక్కలుండవు, కాళ్లు పొడవు, చెవుల చివర నల్లటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. బావురుపిల్లి చెవులు చిన్నవి, గుండ్రనివి, వెనక వైపు తెల్ల మచ్చ ఉంటుంది. ముందు పాదం విప్పి చూసి ఉంటే వేళ్ల మధ్య కొంత పొర కనబడేది. గోళ్లు కూడా పూర్తిగా లోపలికి ముడుచుకోవు. చేపను పట్టడానికి అవి పనికొస్తాయి. మన తీరంలో కోరింగ మడ అడవుల్లోనూ, ఇక్కడ కృష్ణా అభయారణ్యంలోనూ ఇది బతికి ఉంది. మన అభయారణ్యం 1989లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. అయితే పిల్లికి గీతలు తెలియవు. అభయారణ్యం దాటగానే చెరువులు, చెరువు గట్టు మీద తిండి.

దివిసీమ రైతు (కోడూరు) · జనవరి 29

నాకు చేపల చెరువు ఉంది, అందుకని చెరువు యజమాని తరఫున ఒక మాట. ఈ పిల్లి చేపలు తింటుందన్నది నిజం. కొందరు కరెంటు తీగ పెడతారు, విషం కలిపిన చేప వేస్తారు. నాకు అది నచ్చదు. గట్టు మీద పెంట చూస్తే అందులో ఎలుక వెంట్రుకలు, ఎండ్రకాయ పెంకులు కూడా కనబడతాయి. ఎలుకలు గట్టుకు కంతలు పెడితే నీరు కారి నాకు పోయే డబ్బు, పిల్లి తినే నాలుగు చేపల కంటే ఎక్కువ. ఇది మా వాళ్లకు లెక్క వేసి చూపిస్తే వింటున్నారు. అడవి, ప్రకృతి అని మొదలుపెడితే లేచి వెళ్లిపోతున్నారు.

లకుముకి (మచిలీపట్నం) · జనవరి 29

రైతు గారూ, మీ జవాబు అచ్చు వేసి ప్రతి చెరువు గట్టు మీదా అంటించాలి.

మడతోట (రేపల్లె) · ఫిబ్రవరి 2

ఆదివారం పడవ మీద మడ అడవిలోకి వెళ్లాను. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఆల్చి. తెల్లమడ ఆకును నాలుకతో తాకి చూడండి, ఉప్పగా ఉంటుంది. వేరు పీల్చిన ఉప్పును ఆకు మీదుగా బయటికి పంపేస్తుంది, ఎండలో ఆ ఉప్పు రవ్వలుగా మెరుస్తుంది. తిల్లను మాత్రం ముట్టవద్దు. కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. బురద మీద కళ్లు పైకి పొడుచుకొచ్చిన చిన్న చేపలు గెంతుతున్నాయి. నీటికుక్కలు ఒక కుటుంబం, పెద్దవి రెండు, పిల్లలు మూడు, ఒడ్డున చేప పంచుకుంటూ కనబడ్డాయి. మనల్ని చూసి మెడలు నిక్కించి ఒక్క ఈల వేసి నీళ్లలోకి జారిపోయాయి.

బాధ కలిగించింది నది నోరు. కిందటి సారి నేను దిగిన ఇసుక తిన్నె ఇప్పుడు లేదు. ఒడ్డు కోసుకుపోయి మడచెట్లు వేళ్లతో సహా నీళ్లలో పడి ఉన్నాయి. కృష్ణ మీద శ్రీశైలం, నాగార్జునసాగర్ కట్టాక ఒండ్రు అక్కడే ఆగిపోతోంది. డెల్టాకు మట్టి రాక తగ్గితే సముద్రం కోసుకుపోయే దాన్ని పూడ్చేది ఏదీ లేదు. తాబేలు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే.

దివిసీమ రైతు (కోడూరు) · ఫిబ్రవరి 2

1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను పిల్లవాణ్ణి. మడ దట్టంగా ఉన్న చోట నీటి ఉధృతి తగ్గిందని మా ఇంట్లో పెద్దలు చెప్పుకునేవారు. తర్వాత తీరం పొడవునా సరుగుడు వేశారు, మంచిదే. ఇప్పుడు ఆ సరుగుడు కొన్ని చోట్ల అలల గీత దాకా వచ్చేసింది. తాబేలుకు తవ్వుకునే ఇసుక ఎక్కడ మిగిలింది? ముందు వరస వదిలి వెనక్కి వేయాలని అటవీ సిబ్బందితో మాట్లాడుతున్నాం.

తీరం కావలి (ఎదురుమొండి) · ఫిబ్రవరి 5

అసలు విషయానికి వస్తాను. మాఘ పౌర్ణమి దగ్గరపడింది. హంసలదీవి వేణుగోపాలస్వామి కల్యాణోత్సవాలు, సాగర సంగమంలో స్నానాలు. వేల మంది జనం వస్తారు, రావాలి. తరతరాల ఆచారం. కానీ అవి తాబేళ్లు ఎక్కే రోజులు కూడా. సముద్రం వైపు తిప్పి కట్టే పెద్ద దీపాలే మా భయం. తల్లి వెలుగు చూసి వెనక్కి పోతుంది. గూట్లోంచి వచ్చిన పిల్ల రాత్రి ఎక్కడ వెలుతురు ఎక్కువగా ఉంటే అటు నడుస్తుంది. మామూలుగా అది సముద్రం మీది ఆకాశం. దీపాలు వెలిగితే ఊరి వైపు వచ్చి ఎండ్రకాయలకు, కుక్కలకు దొరుకుతుంది.

ఉప్పుగాలి (అవనిగడ్డ) · ఫిబ్రవరి 6

ఏర్పాట్లు చూసే పెద్దలను కలిసి మాట్లాడదాం. దీపాలు తీసేయమని అడగవద్దు, జనం తొక్కిసలాట ప్రమాదం ఉంది. ముఖం ఒడ్డు వైపు తిప్పమని, కిందికి వంచమని, స్నానాలు లేని చోట రాత్రి పది తర్వాత ఆపమని అడుగుదాం. నడిచే దారికి తాడు కట్టించమందాం.

లకుముకి (మచిలీపట్నం) · ఫిబ్రవరి 14

నేను పౌర్ణమి రోజు అక్కడే ఉన్నాను. దీపాలు చాలావరకు ఒడ్డు వైపు తిప్పారు. ఒక చివర రెండు మాత్రం సముద్రం వైపే ఉన్నాయి, అడిగితే మూడోరోజు మార్చారు. ప్లాస్టిక్ సంచులు మాత్రం కుప్పలు. కొందరు కాలేజీ పిల్లలు మధ్యాహ్నం దాకా ఏరారు. స్నానానికి వచ్చిన ఒక పెద్దమ్మ తన కొంగులో గాజుముక్కలు ఏరుకొచ్చి వాళ్ల సంచిలో పోసింది. తాబేలు కూర్మావతారం, దాని దారిలో ముళ్లు వేస్తారా అని అందరినీ కేకలేసింది.

కెమెరా కన్ను (విజయవాడ) · మార్చి 16

కావలి గారి మాట ప్రకారం గీత వెనక నుంచి, ఫ్లాష్ లేకుండా పిల్లలను వదలడం చూశాను. వాటిని చేత్తో నీళ్లలో వేయకుండా ఇసుక మీదే వదిలారు. తమంతట తాము నడిచి వెళ్లాలట. అలకు మొదటిసారి తగలగానే ప్రతిదీ వెనక్కి దొర్లింది, తిరిగి లేచి అటే నడిచింది. ఫోటోలు కింద పెట్టాను, చోటు తెలిసే వివరాలన్నీ తొలగించాను.

సరంగు (నాగాయలంక) · మార్చి 18

మా ఊరి బోటు ఒకదానికి నిన్న వలలో తాబేలు పడింది. పైకి లాగేసరికి కదలడం లేదు. చచ్చిపోయిందని నీళ్లలో విసరబోతుంటే నేను ఫోనులో ఆపాను. అది చేయవలసిన పద్ధతి ఏమిటో ఎవరైనా వివరంగా రాయగలరా? నాకు తెలిసినంత వరకు చెప్పాను, తాబేలు సాయంత్రానికి తల ఎత్తింది. కానీ మిగతా బోట్లవారికీ తెలియాలి.

మడతోట (రేపల్లె) · మార్చి 18

సరంగు గారూ, మీరు ఆపడం వల్లే అది బతికింది. కదలడం లేదని వెంటనే నీళ్లలో వేస్తే మునిగి చస్తుంది.

పొట్ట కిందికి ఉండేలా మామూలుగా పడుకోబెట్టాలి. వెల్లకిలా తిప్పకూడదు. వెనక భాగం కింద ఏదైనా పెట్టి ఆరు అంగుళాలకు పైగా ఎత్తాలి, లోపలి నీరు బయటికి కారుతుంది. చిప్ప మీద తడిగుడ్డ కప్పి నీడలో ఉంచాలి. ముక్కు కప్పకూడదు. అప్పుడప్పుడు కంటి పక్కన మెల్లగా తాకి చూడాలి, ప్రాణం ఉంటే కదులుతుంది. ఇరవైనాలుగు గంటల దాకా వేచి చూడవచ్చు. చురుకుగా కదలడం మొదలయ్యాక ఇంజను ఆపి, వలలు లేని చోట, వెనక వైపు నుంచి మెల్లగా నీళ్లలోకి దించాలి.

సరంగు (నాగాయలంక) · మార్చి 19

ఇదే కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకునే ఆ రోజుల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పవచ్చు. పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చు వేయించి తడిసినా చెడని కాగితం మీద ఇస్తే ప్రతి బోటు కేబినులో అంటిస్తాం. బొమ్మలు కూడా వేయండి, చదువు రానివారు ఉన్నారు.

లకుముకి (మచిలీపట్నం) · మార్చి 19

బొమ్మలు నేను గీయిస్తాను. అచ్చు ఖర్చు ఇక్కడున్నవారం పంచుకుందాం.

దివిసీమ రైతు (కోడూరు) · మార్చి 19

నా వంతు ముందే పంపుతున్నాను. బావురుపిల్లి గురించి చెరువు గట్ల మీద పెట్టే కాగితం కూడా అదే ముద్రణలో వేయించండి. ఎలుకల లెక్క నేను రాసిస్తాను.

ఉప్పుగాలి (అవనిగడ్డ) · మార్చి 20

ఆదివారం ఉదయం నాగాయలంక రేవులో కలుద్దాం. మడతోట గారు రాసింది అక్కడ సరంగు గారికి చదివి వినిపించి, వేటగాళ్లకు అర్థం కాని మాట ఏదైనా ఉంటే మార్చాకే అచ్చుకు ఇద్దాం.